చిన్న ఆపరేషన్ తర్వాత గోరువెచ్చని నీటి స్నానం: ఏ గాయానికి ఏ పద్ధతి, ఎలా చేయాలి?

మొలలకో, ఫిషర్‌కో (మలద్వారం దగ్గరి చీలిక), భగందరానికో (ఫిస్టులా, అంటే మలద్వారం లోపలి నుంచి పక్క చర్మానికి ఏర్పడే చీము దారి), మలద్వారం దగ్గరి చీముగడ్డకో ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చేవారి డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కింద ‘సిట్జ్ బాత్, రోజుకు మూడుసార్లు’ అన్న ఒక్క వరుస ఉంటుంది. మందు ఎప్పుడు వేసుకోవాలో ఫార్మసీలో సున్నాలు, గీతలు పెట్టి మరీ చెబుతారు గానీ, ఈ స్నానం ఎంత వేడి నీళ్ళతో చేయాలో, దేనిలో కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో విడమరిచి చెప్పే తీరిక చాలాచోట్ల ఎవరికీ ఉండదు. మా ఇంట్లో పెద్దాయనకు భగందరం ఆపరేషన్ అయినప్పుడు, ‘వేడి ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనుకుని మేము పోసిన నీళ్ళకు ఆయన తొడల లోపలి చర్మం కమిలింది. ఆపరేషన్ గాయం కంటే ఆ కమిలిన చోటే ఆయనను నాలుగు రోజులు ఎక్కువ బాధపెట్టింది. అలాంటి పొరపాటు మరొక ఇంట్లో జరగకూడదన్న ఉద్దేశంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ సర్జన్ ప్రత్యేకంగా వేరే సూచన ఇచ్చి ఉంటే దానినే పాటించండి.

‘సిట్జ్’ అన్నది కూర్చోవడం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చింది. నడుము కింది భాగం మాత్రమే మునిగేలా గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడమే సిట్జ్ బాత్. ప్రకృతి చికిత్సాలయాల్లో చేయించే కటిస్నానంతో దీనిని కలపకండి. అది చాలావరకు చల్లని నీళ్ళతో, పొత్తికడుపును ఉద్దేశించి చేసేది.

గాయం తెరిచి ఉందా, కుట్లు వేసి మూశారా?

పద్ధతిని ఎంచుకునే ముందు డాక్టరును అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇదొక్కటే. మిగిలిన నిర్ణయాలన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి. చీముగడ్డను కోసి వదిలినప్పుడు, భగందరం దారిని తెరిచినప్పుడు, చాలా రకాల మొలల ఆపరేషన్లలో, గాయాన్ని కావాలనే తెరిచి ఉంచుతారు. అది అడుగు నుంచి పైకి నెమ్మదిగా పూడుకుంటూ రావాలి. పైన చర్మం తొందరపడి మూసుకుంటే లోపల మళ్ళీ చీము చేరుతుంది. అలాంటి గాయానికి నీళ్ళలో కూర్చోవడం వల్ల హాని లేదు, పైగా మలం, చీము, పాత ఆయింట్‌మెంట్ కడిగిపోతాయి.

కుట్లు వేసి అంచులు కలిపిన గాయం సంగతి వేరు. వీపుమీద కొవ్వుగడ్డ తీసినా, హెర్నియా సరిచేసినా, హైడ్రోసీల్ (వరిబీజం) ఆపరేషన్ చేసినా, చేతిమీద పుట్టుమచ్చ తొలగించినా, ఆ కుట్లను తొట్టిలో నానబెట్టకూడదు. నానిన చర్మం మెత్తబడి అంచులు విడిపోయే ప్రమాదం ఉంది, తొట్టి నీళ్ళలోని క్రిములు కుట్ల సందుల్లోకి చేరవచ్చు. సాధారణంగా 48 గంటల తర్వాత గోరువెచ్చని నీళ్ళు పైనుంచి జారేలా స్నానం చేయవచ్చునని బ్రిటన్‌లో వైద్య సూచనలు రూపొందించే ‘నైస్’ (NICE) సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నానబెట్టడం మాత్రం కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకున్నాక మాటే. ముఖం మీది కుట్లను సుమారు 5 రోజులకు, పొట్టమీద 7 నుంచి 10 రోజులకు, వీపుమీద, కాళ్ళమీద 10 నుంచి 14 రోజులకు తీయడం వాడుక.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. మలద్వారం చుట్టూ, కాన్పు సమయంలో కోసిన చోట వేసే కరిగిపోయే కుట్లకు డాక్టర్లు తరచూ సిట్జ్ బాత్ రాస్తారు. అక్కడ మల మూత్రాలు తగలకుండా ఎలాగూ ఆపలేము కనుక, కొద్దిసేపు నీళ్ళలో ఉంచి శుభ్రం చేసి ఆరబెట్టడమే మేలని వారి లెక్క. తోకఎముక దగ్గర వెంట్రుకలు గూడుకట్టే పైలోనిడల్ సైనస్ ఆపరేషన్‌లో మాత్రం జాగ్రత్త అవసరం. తెరిచి ఉంచిన గాయమైతే ధారగా నీళ్ళు పోసి కడగమంటారు. పక్క చర్మాన్ని జరిపి కుట్టినట్లయితే కొన్నాళ్ళు దానిమీద బరువు పెట్టి కూర్చోవడమే నిషేధం కాబట్టి, తొట్టి మాట అసలు తలచకూడదు.

గోరువెచ్చదనం చేసే పని, చేయలేని పని

మలద్వారం లోపలి కండరపు వలయం మన ఆధీనంలో లేనిది. నొప్పి పుట్టినప్పుడు అది బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ నొప్పి పెరుగుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. వెచ్చని నీరు ఈ బిగువును సడలిస్తుంది. ఇటలీలో చేసి 1986లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 5, 23, 40 డిగ్రీల సెల్సియస్ నీళ్ళను పోల్చి చూస్తే, 40 డిగ్రీల నీళ్ళలో మాత్రమే ఆ కండరపు ఒత్తిడి తగ్గింది. మల విసర్జన అయిన వెంటనే వెచ్చని నీళ్ళలో కూర్చుంటే ప్రాణం లేచివచ్చినట్లు అనిపించడానికి కారణం ఇదే.

అయితే ఈ స్నానం గాయాన్ని త్వరగా మాన్పుతుందని గట్టిగా నిరూపించిన ఆధారాలు లేవు. ఉపశమనం, శుభ్రత, మంట తగ్గడం, ఈ మూడే దాని నిజమైన ప్రయోజనాలు. ఈ మాట చెప్పడం నిరుత్సాహపరచడానికి కాదు. మానడం వేగవంతం కావాలని రోజుకు పదిసార్లు కూర్చునేవారు, మరుగుతున్నంత వేడి కోరుకునేవారు తమ చర్మాన్ని పాడుచేసుకుంటున్నారు కనుక చెప్పవలసి వస్తున్నది.

ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

వెస్ట్రన్ కమోడ్ మీద అమర్చే ప్లాస్టిక్ సిట్జ్ తొట్టి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. వెస్ట్రన్ కమోడ్ ఉన్న ఇంట్లో నా మొదటి ఎంపిక ఇదే. మోకాళ్ళు నేలదాకా వంచనవసరం లేదు, ఎక్కువైన నీళ్ళు అంచున ఉన్న కంతల గుండా కమోడ్‌లోకి పోతాయి, శుభ్రం చేయడం సులభం. కొనేముందు మీ కమోడ్ ఆకారానికి అది కదలకుండా కూర్చుంటుందో లేదో, రోగి బరువును మోస్తుందో లేదో చూసుకోండి. దీనిలో పట్టే నీళ్ళు తక్కువ కావడం వల్ల త్వరగా చల్లారడమే లోపం.

ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇళ్ళలో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు వాడటం ఎక్కువ. ఆపరేషన్ అయిన మొదటి వారంలో నేలమీది టబ్బులోకి దిగడం, లేవడం అనేవి స్నానం కంటే పెద్ద పనులు. గొంతుక్కూర్చున్న భంగిమలో పిరుదులు రెండు పక్కలకీ లాగి, గాయం మీద ఒత్తిడి పడుతుంది. అందుకే టబ్బును కదలని ఎత్తుపీట మీద, గోడకు ఆనించి పెట్టాలి. రోగి పట్టుకోవడానికి ఒక పక్క బరువైన కుర్చీ ఉంచాలి. పిరుదులు అడుగుకు పూర్తిగా ఆనేటంత వెడల్పు ఉన్న టబ్బునే తీసుకోవాలి, అంచుమీద కూర్చోవలసి వస్తే అది పనికిరాదు. ఈ టబ్బు ఈ పనికే కేటాయించాలి, బట్టలు నానబెట్టినది వాడకూడదు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటూ ఇంట్లో స్నానాల తొట్టి ఉన్నవారు దానిలోనే 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు నీళ్ళు పట్టుకుని కూర్చోవచ్చు. మెడదాకా నింపుకోవద్దు. శరీరమంతా వెచ్చబడితే రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, తొట్టి నుంచి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడే పెద్దలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కూర్చోలేని వారికి ధారగా నీళ్ళు పోయడం చక్కని ప్రత్యామ్నాయం. తైవాన్‌లో మొలల ఆపరేషన్ అయినవారిలో సిట్జ్ బాత్‌నూ గోరువెచ్చని నీటి ధారనూ పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, సౌకర్యం విషయంలో ధారనే రోగులు మెచ్చుకున్నారు. ఆఫీసుకు వెళ్ళేవారికి, మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది ఎంతో ఊరట కలిగించే సంగతి. మన బాత్రూముల్లో కమోడ్ పక్కన ఉండే హెల్త్ ఫాసెట్‌కు సాధారణంగా చన్నీళ్ళే వస్తాయి, పైగా దాని తాకిడి గట్టిగా ఉంటుంది. తాజా గాయం మీద నేరుగా కొట్టించకూడదు. గీజరుకు కలిపిన హ్యాండ్ షవర్‌ను తక్కువ వేగంలో పెట్టి, నడుము దగ్గర నుంచి నీళ్ళు కిందికి జారేలా పట్టుకోవాలి. అదీ లేకపోతే చెంబుతో నెమ్మదిగా 5 నిమిషాలు పోసుకున్నా పని జరుగుతుంది.

కాపడం, అంటే వేడి గుడ్డ అద్దడం, ఇంకా కోయని సెగ్గడ్డకు సరే గాని కొత్త కోతకు పనికిరాదు. రబ్బరు వేడినీళ్ళ సంచిమీద కూర్చోవడం మరీ ప్రమాదకరం.

నీళ్ళు సిద్ధం చేయడం

నీళ్ళ వేడి 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫారెన్‌హీట్‌లో ఇది సుమారు 99 నుంచి 104. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు ఈ మేరకు చూపిస్తుంది కాబట్టి, ఒక పాత దానిని ఈ పనికి విడిగా పెట్టుకోవచ్చు. పాదరసపు గాజు థర్మామీటరును మాత్రం నీళ్ళలో పెట్టవద్దు. థర్మామీటరు లేకపోతే మోచేతిని ముంచి చూడండి, హాయిగా వెచ్చగా ఉండాలే తప్ప చురుక్కుమనకూడదు. వంటలకూ అంట్లకూ అలవాటుపడిన అరచేతిని నమ్మకండి, అది చాలా వేడిని కూడా గోరువెచ్చగానే లెక్కకట్టేస్తుంది.

బోరు నీళ్ళు, రోజుల తరబడి ఓవర్‌హెడ్ ట్యాంకులో నిలిచిన నీళ్ళు నేరుగా వాడటం నాకు ఇష్టం లేదు. రాత్రి నీళ్ళు కాచి, మూతపెట్టి చల్లారనిచ్చి, మరునాడు వాటితోనే వేడినీళ్ళు కలుపుకోవడం శ్రేయస్కరం. లెక్క తేలికే. చల్లారిన నీళ్ళు సుమారు 28 డిగ్రీలున్నప్పుడు, అలాంటివి ఐదు చెంబులకు మరుగుతున్న నీళ్ళు ఒక చెంబు కలిపితే 40 డిగ్రీలు వస్తాయి. చలికాలపు ఉదయాల్లో నీళ్ళు 20 డిగ్రీలకు పడిపోతే మూడు చెంబులకు ఒకటి కలపాలి. ఎప్పుడూ చల్లనివే ముందు పోయాలి, వేడివి తర్వాత. చేత్తో బాగా కలిపాకే వేడి చూడాలి. వాటర్ హీటర్ రాడ్డుతో కాచేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తర్వాతే నీళ్ళను ముట్టుకోవాలి. టబ్బులో రాడ్డు పెట్టి అక్కడే కాచుకోవడం ప్రాణాంతకం.

60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మాన్ని కొన్ని సెకన్లలోనే లోతుగా కాల్చగలవు. గీజర్లు చాలావరకు ఆ వేడిదాకా వెళతాయి. వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినవారికి పిరుదులు, తొడలు చాలా గంటలు మొద్దుబారి ఉంటాయి. స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చిందని గిల్లి చూసి నిర్ధారించుకోకుండా వెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టకండి. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారికి స్పర్శ ఎప్పుడూ తగ్గే ఉండవచ్చు, వారి విషయంలో వేడిని ఇంట్లో మరొకరే పరీక్షించాలి.

కూర్చోవడం నుంచి ఆరబెట్టడం దాకా

మొదటి స్నానం సాధారణంగా ఆపరేషన్ మరునాడు మొదలవుతుంది. గాయం లోపల గాజుగుడ్డ (డ్రెస్సింగుకు వాడే పల్చని నూలు బట్ట) పొర ఏదైనా పెట్టారేమో అడిగి, ఎప్పుడు తీయాలో తెలుసుకోండి. కొన్ని చోట్ల మొదటి స్నానంలోనే అది తడిసి తేలిగ్గా వస్తుందని చెబుతారు. ఎండి అతుక్కున్న డ్రెస్సింగును లాగి ఊడదీయకూడదు, నీళ్ళలో నానాక దానంతటదే వదులుతుంది.

పరగడుపున కూర్చోవద్దు, కొంచెం ఏదైనా తిన్న తర్వాత కూర్చోండి. బాత్రూము తలుపు దగ్గరగా వేయండి గాని గడియ పెట్టవద్దు, ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలికేటంత దూరంలో ఉండాలి. పిరుదులు మునిగేలా, పాదాలు నేలకు ఆనేలా కూర్చుని, మలద్వారాన్ని బిగించకుండా వదులుగా ఉంచండి. 10 నుంచి 15 నిమిషాలు చాలు. నీళ్ళు చల్లారితే మళ్ళీ వెచ్చని నీళ్ళు కలపవచ్చు, కానీ ఒంటికి తగలకుండా టబ్బు అంచున పోయాలి లేదా రోగి లేచి నిలబడ్డాక పోయాలి. నీళ్ళు కొద్దిగా గులాబీ రంగుకు మారితే భయపడనక్కరలేదు. గాయాన్ని వేలితో తోమడం, సబ్బు పెట్టి రుద్దడం వద్దు.

రోజుకు రెండు మూడుసార్లు, వీలైతే ప్రతి మల విసర్జన తర్వాత చేయాలి. విసర్జనకు ముందు కూడా 5 నిమిషాలు కూర్చుంటే కండరం సడలి భయం తగ్గుతుందని చాలామంది అనుభవం. మొలల ఆపరేషన్ తర్వాత మూత్రం రాక ఇబ్బంది పడటం మామూలే, అప్పుడు వెచ్చని నీళ్ళలో కూర్చునే మూత్రం పోయడానికి ప్రయత్నించవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

లేచేటప్పుడు కుర్చీ పట్టుకుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు అడుగు వేయాలి. ఆ తర్వాత శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన మెత్తని నూలు గుడ్డతో అద్దాలే తప్ప తుడవకూడదు. ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలు వద్దు. భగందరానికి దారం లేదా క్షారసూత్రం (ఆయుర్వేద మందు పూసిన దారం) కట్టించుకున్నవారు గుడ్డకు దారం తగులుకుని లాగకుండా చూసుకోవాలి. చర్మం పూర్తిగా ఆరాక డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ పూసి, పొడి గాజుగుడ్డ పెట్టి, వదులైన నూలు లోదుస్తులు వేసుకోవాలి. ఆరబెట్టడానికి పెట్టే ఈ 5 నిమిషాలు స్నానమంత విలువైనవి. తడి చర్మం మీద బిగుతైన బట్ట వేసుకుంటే అక్కడ ఫంగస్ చేరి దురద మొదలవుతుంది. టబ్బును ప్రతిసారీ సబ్బుతో కడిగి ఎండలో బోర్లించండి.

నీళ్ళలో ఏమి కలపాలి?

ఏమీ కలపనక్కరలేదు. మా పెద్దాయన కోసం చుట్టాలు ఒకరు పసుపు, ఒకరు వేపాకు, ఒకరు పటిక తెచ్చారు. వారి ప్రేమను కాదనలేము గానీ, తెరిచిన గాయంలో పసుపు నలుసులూ ఆకు ముక్కలూ ఇరుక్కుంటే అవి కొత్త సమస్యలే. డెట్టాల్ వంటివి లేత కణాలను మండిస్తాయి. పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికాలు సరిగా కరగకపోతే చర్మాన్ని కాలుస్తాయి. డాక్టరు రాస్తే మాత్రమే, చెప్పిన పాళ్ళలోనే, లేత గులాబీ రంగు దాటకుండా వాడాలి. బెటాడిన్ కలపమని కొందరు సర్జన్లు రాస్తారు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, అయొడిన్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. స్నానంతో పాటు మలం మెత్తగా రావడానికి రాసిన ఇసబ్‌గోల్, లాక్టులోజ్ వంటివి మానకండి. గట్టి మలం ఒక్కసారి గాయాన్ని చీల్చితే ఎన్ని స్నానాలు చేసినా నొప్పి తగ్గదు.

బాలింతల విషయంలో ఒక విన్నపం

మన ఇళ్ళలో బాలింత నడుముమీద, పొట్టమీద పొగలు కక్కే నీళ్ళు గుమ్మరించే ఆచారం ఉంది. సిజేరియన్ కుట్లమీద ఆ నీళ్ళు పోయడం కాలిన గాయానికీ, కుట్లు విడిపోవడానికీ దారితీస్తుంది. అత్తగారితోనో అమ్మమ్మతోనో వాదించలేని ఆ పిల్ల తరఫున భర్తే ఈ మాట చెప్పాలి. మామూలు కాన్పులో కింద కుట్లు పడినవారికి మొదటి 24 గంటలు వాపు తగ్గడానికి బట్టలో చుట్టిన ఐసు, ఆ తర్వాత డాక్టరు అనుమతితో పైన చెప్పిన వేడిలోనే సిట్జ్ బాత్ సరిపోతాయి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

నీళ్ళు ఎర్రగా మారుతూ గడ్డలు కనిపించినా, గాజుగుడ్డలు వరుసగా తడిసిపోయినా, 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం వచ్చినా, 6 నుంచి 8 గంటలుగా మూత్రం రాకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి రోజురోజుకూ తగ్గవలసింది పోయి పెరుగుతున్నా, దుర్వాసనతో చీము కారుతున్నా చూపించుకోవాలి. షుగరు ఉన్నవారిలో వాపు, నొప్పి గంటల వ్యవధిలో వృషణాల వైపో తొడల వైపో పాకుతున్నా, చర్మం నల్లబడుతున్నా అది ప్రాణాపాయపు సూచన. తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి చేరాలి.

మొలలు, ఫిషర్ ఆపరేషన్ల తర్వాత ఈ స్నానం ఒకటి రెండు వారాలు అవసరమవుతుంది, తెరిచిన భగందరపు గాయానికి నెల దాటి కూడా పట్టవచ్చు. గాయం చుట్టూ చర్మం తెల్లగా ముడతలు పడి నానినట్లు కనిపిస్తే సార్లు తగ్గించి, మల విసర్జన తర్వాత మాత్రమే కూర్చోండి. స్రావం ఆగి, విసర్జన నొప్పి లేకుండా అవుతున్నదని డాక్టరు చూసి చెప్పినప్పుడు టబ్బు కడిగి పక్కన పెట్టేయవచ్చు, మామూలు స్నానం చాలు.